సొంత వేగంతో టీచర్ల శిక్షణ: బడి లైబ్రరీ నుంచి నడపాలంటే ఏ దారి మేలు?

"లైబ్రరీ మేడమ్, మీకు కాస్త తీరిక ఉంటుంది కదా, మన టీచర్లకి ఆ డిజిటల్‌వేవో నేర్పించండి." విజయవాడ, గుంటూరు ప్రైవేటు బడుల్లో లైబ్రేరియన్లకి ఈ మాట కొత్త కాదు. తీరిక సంగతి దేవుడెరుగు, అడిగింది మాత్రం సరైన మనిషినే. ఏ సమాచారం ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు, పాఠంలోకి ఎలా తెచ్చుకోవచ్చు అన్నవి చూపించడం లైబ్రేరియన్ పనే. చిక్కల్లా టైమ్‌టేబుల్‌తోనే. టీచర్లందరినీ ఒక గదిలో ఒకేసారి కూర్చోబెట్టే గంట అందులో ఉండదు. ఉన్న ఒక్క లీజర్ పీరియడూ సబ్‌స్టిట్యూషన్‌కి పోతుంది. సాయంత్రం స్టడీ అవర్, ఇంటికెళ్తే నోట్స్ కరెక్షన్. అందుకే ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చేసుకునే శిక్షణ అవసరమైంది.

దాన్ని నడపడానికి దారులు చాలానే ఉన్నాయి: వాట్సాప్, గూగుల్ క్లాస్‌రూమ్, ప్రభుత్వ వేదిక దీక్షా, కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడ్ల్, ఆఖరికి కాగితం కూడా. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. టీచర్ చేసి పంపినదాన్ని ఒక మనిషి చూసి, రెండు మాటలు బదులివ్వకపోతే, ఏ దారిలో నడిపినా ఆ శిక్షణ నెల తిరక్కుండా చతికిలబడుతుంది. కాబట్టి ఏ యాప్ బాగుంటుందన్న ప్రశ్నని పక్కన పెట్టండి. ఆ బదులిచ్చే పని ఏ దారిలో మీరు మోయగలిగినంత ఉంటుందో చూసుకోండి.

పాత నమూనా ఒకటుంది

2006లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, షార్లెట్ నగరపు పబ్లిక్ లైబ్రరీలో హెలీన్ బ్లోవర్స్ తమ సిబ్బంది కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అందులో 23 చిన్న పనులు. బ్లాగు తెరవడం, ఫొటోలు పంచుకునే సైటు వాడి చూడటం, వికీలో రాయడం, ఇలాంటివే. శిక్షణ తరగతులంటూ ఏమీ లేవు. తెలియకపోతే పక్కవాళ్లని అడగాలి, చేశాక తమ బ్లాగులో నాలుగు ముక్కలు రాయాలి. గడువులోపు అన్నీ పూర్తిచేసినవాళ్లకి ఎంపీ3 ప్లేయర్ కానుక. ఆ పనుల జాబితాని ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వదిలారు. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా బడి లైబ్రరీల సంఘం దాన్ని తమకి తగ్గట్టు మార్చుకుంది. ఆ తర్వాత ప్రపంచంలో ఎన్నో లైబ్రరీలు అదే చేశాయి.

ఆ 23 పనుల్లో చాలావాటికి ఇప్పుడు కాలం చెల్లింది. చట్రం మాత్రం చెక్కుచెదరలేదు. పని చిన్నది, చేసినట్టు పదిమందికీ కనిపిస్తుంది, గడువుంది, పక్కన అడగడానికి మనుషులున్నారు. వేలమంది ఒక్కసారే చేరే ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో ఇవే లోపిస్తాయి. వాటిలో చేరినవాళ్లలో చివరిదాకా వెళ్లేది చాలాసార్లు పదోవంతు కూడా ఉండరు. వాళ్లంతా బద్ధకస్తులని నేననుకోను. మధ్యలో ఆగిపోతే అడిగేవాళ్లు లేరు, అంతే.

ముందు సరుకు, తర్వాత సంచి

ఏం నేర్పుతారో తేల్చుకోకుండా యాప్ ఎంచుకోవద్దు. మన ప్రాంతపు టీచర్లకి రేపటి క్లాసులోనే అక్కరకొచ్చేవి కొన్ని చెప్తాను, చాలావాటికి పావుగంట చాలు.

అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ప్రశ్నపత్రం ఫోన్‌లో తెరిస్తే గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో ఎందుకు టైపు చేయాలి, గూగుల్ కీబోర్డు జీబోర్డులో మాట్లాడితే తెలుగు దానంతటదే ఎలా పడుతుంది అన్నది ఒక పని. తెలుగు మాస్టార్లకి ఆంధ్రభారతి సైటులో ఒకే మాటని చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతకడం చూపించండి. ఫోన్ అంటే గిట్టదని మీరనుకున్న మాస్టారే రెండో రోజు మీకు కొత్త విషయం చెప్తారు. ప్రైమరీ టీచర్లకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. సోషల్ వాళ్లకి తెలుగు వికీసోర్స్, పాత పత్రికల స్కాన్లు ఉన్నాయి. అందరికీ పనికొచ్చేవి మూడు: వాట్సాప్‌లో తిరిగే ఫొటో అసలు ఎక్కడిదో రివర్స్ ఇమేజ్ సెర్చ్‌తో కనుక్కోవడం, స్వేచ్ఛగా వాడుకోదగ్గ బొమ్మల్ని ఏరుకోవడం, ఏఐ చాట్‌బాట్ రాసిచ్చిన లెసన్ ప్లాన్‌ని పాఠ్యపుస్తకంతో సరిపోల్చి తప్పులు పట్టుకోవడం. గుంటూరులో ఉంటే బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్లి తమ సబ్జెక్టుకి పనికొచ్చే పాత పుస్తకం ఒకటి పట్టుకురావడం కూడా ఒక పనిగా పెట్టండి. శిక్షణ అంటే తెర ముందే జరగాలని ఎవరూ శాసించలేదు.

పదో పన్నెండో ఇలాంటివి రాసుకుని, "వీటిలో మీకు నచ్చినవి ఆరు చేయండి" అనండి. అన్నీ చేయాలంటే అది సొంత వేగం అనిపించుకోదు, ఇంకో సిలబస్ అవుతుంది. ప్రతి పనికీ చివర టీచర్ మీకు ఇవ్వాల్సింది ఒకటుండాలి: ఒక లింకు, ఒక ప్రశ్న, తన క్లాసులో ఏం జరిగిందో రెండు వాక్యాలు. పిల్లల ముఖాలు, పేర్లు, మార్కులు కనిపించే ఫొటోలు పంపొద్దని మొదటి రోజే చెప్పేయండి.

వాట్సాప్ గ్రూపు

అందరి దగ్గరా ఉంది, నేర్పక్కర్లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయే బాధ లేదు. ఇరవై మంది దాకా టీచర్లున్న బడికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. సోమవారం ఉదయం ఒక పని పంపుతారు, వారమంతా ఎప్పుడు వీలైతే అప్పుడు చేస్తారు.

కాకపోతే మామూలు స్టాఫ్ గ్రూపులో పెట్టారో, మీ పని మధ్యాహ్నానికల్లా గుడ్ మార్నింగ్ బొమ్మల కిందా, ఫీజుల సర్క్యులర్ల కిందా కూరుకుపోతుంది. వేరే గ్రూపు తెరవండి. అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగు మార్చండి. జవాబులు మీ నంబరుకే రమ్మనండి. దీనివల్ల ఇంకో మేలుంది. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన టీచర్ తన సందేహాన్ని కుర్ర టీచర్ల ముందు అడగడానికి మొహమాటపడతారు, విడిగా అయితే అడుగుతారు. పంపిన ప్రతి పనికీ వరుస సంఖ్య వేసి, అన్నిటి లింకులూ ఉన్న ఒక డాక్యుమెంటుని గ్రూపులో పిన్ చేయండి. లేకపోతే ఆగస్టులో చేరిన టీచర్‌కి జూలై పని దొరకదు.

బదులివ్వడానికి ఇక్కడ వాయిస్ మెసేజ్ ఉంది. "మేడమ్, మీరు ఏరిన బొమ్మ బాగుంది, కింద లైసెన్సు ఇంకోసారి చూడండి" అని అరనిమిషంలో చెప్పేయొచ్చు. టైపు చేసిన "గుడ్" కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

దీని బలహీనత లెక్కలో ఉంది. ఎవరు ఏది చేశారో వాట్సాప్ చెప్పదు, మీరే ఒక షీట్‌లో రాసుకోవాలి. నలభై మంది అయ్యేసరికి చేతులెత్తేస్తారు. పైగా రాత్రి తొమ్మిదికి వచ్చే మెసేజ్ టీచర్‌కి శిక్షణలా కనిపించదు, మేనేజ్‌మెంట్ వేసిన ఇంకో బరువులా కనిపిస్తుంది. బడి వేళ దాటాక పంపకండి.

గూగుల్ క్లాస్‌రూమ్

కరోనా రోజుల్లో పిల్లలకోసం చాలామంది టీచర్లు దీన్ని వాడారు. అంటే సగం దారి ముందే నడిచేశారు. టాపిక్‌లుగా పనులు సర్దొచ్చు, నెలరోజులవీ ఒకేసారి షెడ్యూల్ చేసి పెట్టొచ్చు, ఎవరు చేశారో ఎవరు చేయలేదో తెర మీదే కనిపిస్తుంది. టీచర్ పంపిన పని పక్కనే ప్రైవేట్ కామెంట్ రాయొచ్చు. గూగుల్ ఫారంలో క్విజ్ పెడితే మార్కులు అదే వేస్తుంది. టీచర్లు ముప్ఫై దాటిన బడికి, ముఖ్యంగా టీచర్లందరికీ బడి ఇచ్చిన మెయిల్ ఐడీలున్న సీబీఎస్‌ఈ బడులకి నేను దీన్నే చెప్తాను.

మొదలుపెట్టేముందు రెండు చూసుకోండి. ఒకటి, బడి డొమైన్ సెట్టింగుల వల్ల సొంత జీమెయిల్‌తో చేరబోయినవాళ్లకి తలుపు మూసి ఉండొచ్చు. కంప్యూటర్ సార్‌ని అడిగి ముందే తేల్చుకోండి. రెండు, టీచర్లు దీన్ని రోజూ తెరిచి చూస్తారని ఆశపడకండి. పని క్లాస్‌రూమ్‌లో పెట్టి, పెట్టానన్న కబురు వాట్సాప్‌లో పంపాల్సిందే.

క్విజ్ విషయంలో ఒక మాట. మార్కులు దానంతటవే పడుతున్నాయి కదా అని పనులన్నీ క్విజ్‌లుగా మార్చేయాలనిపిస్తుంది. పక్కవాళ్ల జవాబులు చూసి టిక్కులు కొట్టడం పిల్లలకే కాదు, పెద్దలకీ వచ్చు. క్విజ్ ఒకటీ అరా చాలు, మిగిలినవి క్లాసులో చేసి చూపేవి కావాలి.

దీక్షా, స్వయం: వండి పెట్టినవి

మీరు ఒక్క పాఠం కూడా తయారుచేయలేని స్థితిలో ఉంటే ప్రభుత్వం చేసిపెట్టినవి ఉన్నాయి. దీక్షా 2017 సెప్టెంబరులో మొదలైంది. 2019లో మొదలైన నిష్ఠా అనే టీచర్ల శిక్షణ 2020 నుంచి దీక్షాలోకే వచ్చింది. తెలుగులో సరుకుంది, ఫోన్‌లో నడుస్తుంది, దించుకుని నెట్ లేకుండానూ చూడొచ్చు, ముగిస్తే సర్టిఫికెట్ వస్తుంది. ప్రభుత్వ టీచర్లకి ఇది ఎలాగూ పరిచయమే. రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు తెరుచుకునేదీ ఇందులోనే.

కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం కూడా 2017దే, కానీ దాన్ని సొంత వేగపు శిక్షణ అనడానికి నాకు నోరు రాదు. వారం వారం అసైన్‌మెంట్లు, వాటికి గడువులు, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్షాకేంద్రానికి వెళ్లి రాసే పరీక్ష ఉంటాయి. సబ్జెక్టులో లోతుకి వెళ్లాలనుకునే టీచర్‌కి చాలా మంచిది. స్టాఫ్ మొత్తాన్నీ అందులోకి తోయడం మాత్రం అన్యాయం. దీక్షా కోర్సులకి కూడా చేరే తేదీ, ముగిసే తేదీ ఉండొచ్చు, ముందు చూసుకోండి.

వీటి లోటు నేను మొదట చెప్పినదే. అవతల మనిషి లేరు. వీడియోని ఒకపక్క నడవనిచ్చి ఇంకోపక్క పేపర్లు దిద్దుకునే టీచర్లని తప్పుపట్టలేం, వాళ్లకున్న సమయం అంతే. ఇక్కడ లైబ్రేరియన్ మధ్యవర్తి కావాలి. ఫలానా మాడ్యూల్ మొత్తంలో మన బడికి పనికొచ్చే భాగం ఏదో చూసి, ఆ ముక్క మాత్రం చూడమని, చూశాక ఒక్క ప్రశ్నకి జవాబు మీకు చెప్పమని అడగండి. అప్పుడు దీక్షా వీడియో మీ పనుల పట్టికలో ఒక పనిగా కలిసిపోతుంది. సర్టిఫికెట్ కావాల్సినవాళ్లు మిగతాదీ పూర్తిచేసుకుంటారు.

మూడ్ల్

ఉచితమే, శక్తిమంతమే. ఒక పని ముగిస్తేగానీ ఇంకోటి తెరుచుకోకుండా కట్టడి పెట్టొచ్చు, ఎవరెక్కడ ఆగారో వివరంగా చూపిస్తుంది. కానీ సర్వర్ కావాలి, అప్‌డేట్లు చూసే మనిషి కావాలి. చాలా క్యాంపస్‌లున్న విద్యాసంస్థలకి, ఐటీ విభాగం ఉంటే సరే. ఒక్క బడికైతే వద్దు, చర్చే అక్కర్లేదు.

కాగితం

నవ్వకండి. అమెరికాలో కొందరు బడి లైబ్రేరియన్లు ఒక పేజీ పాఠాన్ని స్టాఫ్ బాత్‌రూమ్ తలుపుకి అంటిస్తారు. అక్కడైతే ఎవరైనా ఒక్క నిమిషం నిలబడి చదువుతారని. మనకి అంతదూరం పోనక్కర్లేదు. స్టాఫ్ రూమ్‌లో వాటర్ క్యాన్ పక్కన, అటెండెన్స్ వేసే చోట, టిఫిన్ డబ్బాలు విప్పే బల్ల దగ్గర, ఎక్కడ పెట్టినా చదువుతారు.

ఒకవైపే అచ్చు. పైన ఒక ప్రశ్న, కింద మూడు మెట్లు, మూలన వీడియోకి క్యూఆర్ కోడ్. అడుగున చింపి ఇచ్చే చీటీ, దాని మీద "నేను చేశాను, ఇలా జరిగింది" అని రెండు గీతలు. చీటీలు వేయడానికి ఒక డబ్బా. అరండల్‌పేటలోనో ఏలూరు రోడ్డులోనో జిరాక్స్ కొట్లో లామినేషన్ చేయిస్తే ఏడాదంతా ఉంటుంది. స్టాఫ్ రూమ్‌లో సిగ్నల్ అందని బడులకి, డేటా ఖర్చు తమ జేబులోంచి పెట్టుకోవాల్సి వచ్చే టీచర్లకి ఇది నిజంగా మేలైన దారి. పాతూరి నాగభూషణం గారు 1935లో అప్పటి గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపి పాఠకుల దగ్గరికే లైబ్రరీని చేర్చారు. మనం స్టాఫ్ రూమ్ దాకా నాలుగు కాగితాలు తీసుకెళ్లలేమా?

చీటీకి బదులు చీటీ మీదే రాయొచ్చు, లేదా వరండాలో ఎదురుపడినప్పుడు చెప్పొచ్చు. నా అనుభవంలో ఈ వరండా మాటే అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. దాని లెక్క మాత్రం ఏ నివేదికలోకీ ఎక్కదు.

ఏ బడికి ఏది

పటమటలోనో కొరిటెపాడులోనో పదిహేను, ఇరవై మంది టీచర్లతో నడిచే ప్రైవేటు బడి అయితే వాట్సాప్, దానికి తోడు స్టాఫ్ రూమ్‌లో కాగితం. ఇంకేమీ వద్దు.

బడి మెయిల్ ఐడీలు, కంప్యూటర్ ల్యాబు ఉన్న పెద్ద సీబీఎస్‌ఈ బడి అయితే గూగుల్ క్లాస్‌రూమ్. కానీ అరవై మందికి ఒక్కరే బదులిస్తూ కూర్చోకండి. సైన్స్, లెక్కలు, భాషలు, ప్రైమరీ విభాగాల నుంచి ఒక్కో ఉత్సాహవంతుణ్ణి పట్టుకుని మొదటి విడత వాళ్లతోనే చేయించండి. రెండో విడతలో వాళ్లు తమ విభాగం జవాబులు చూస్తారు. దీన్ని కరస్పాండెంట్ ముందు అడిగి ఒప్పించుకోవాలి. లీజర్ పీరియడ్‌లో కనీసం వారానికి ఒకటి సబ్‌స్టిట్యూషన్ లేకుండా వాళ్లకి వదలాలి. అది కుదరదంటే పనుల సంఖ్య సగానికి తగ్గించండి, నాణ్యత తగ్గించకండి.

చాలా జడ్పీ హైస్కూళ్లలో లైబ్రేరియన్ పోస్టే లేదు, బీరువా తాళాలు ఎవరో ఒక టీచర్ దగ్గరుంటాయి. ఆ ఇన్‌చార్జి టీచర్ మీరే అయితే కొత్తగా కోర్సు కట్టే పని పెట్టుకోవద్దు. దీక్షాలో ఉన్నదాన్ని ఏరి, నెలకి ఒకటే పనిగా ఇవ్వండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఎలాగూ అందరూ వస్తారు, చేసినదాని గురించి మాట్లాడుకోవడానికి అందులో పది నిమిషాలు అడగండి. తరగతి గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) ఉంటే మొదటి పని దాని మీదే పెట్టండి. రోజూ కళ్లెదుట ఉన్న వస్తువు కాబట్టి నేర్చుకున్నది మర్నాడే వాడతారు.

రెసిడెన్షియల్ బడుల్లో టీచర్లకి ఉదయం నుంచి రాత్రి దాకా ఊపిరాడదు. అక్కడ నిజాయితీగా చెప్పాలంటే కాగితం, వారానికి ఒకటే పని, అంతకుమించి అడగడం దండగ.

గంటలు, సర్టిఫికెట్లు

2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచర్‌కీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. సీబీఎస్‌ఈ కూడా 50 గంటల లెక్క అడుగుతుంది, అందులో బడి లోపల జరిపే శిక్షణకీ చోటుంది. మీరు నడిపేది ఆ లెక్కలోకి వస్తుందో రాదో, ఏ రూపంలో రాసుకోవాలో ప్రిన్సిపాల్‌ని మొదటి రోజే అడగండి, వీలైతే రాతలో తీసుకోండి. ఏడాది చివర "ఇది చెల్లదు" అన్నారంటే మరుసటి ఏడు మీ గ్రూపులో ఒక్కరూ మిగలరు. ఒక షీట్‌లో తేదీ, టీచర్ పేరు, పని, పట్టిన సమయం, ఇచ్చిన రుజువు, ఈ అయిదు గడులు చాలు. అరగంట పనిని రెండు గంటలుగా రాయకండి. తనిఖీకి వచ్చినవాళ్లు ఏ టీచర్‌నైనా పిలిచి అడగొచ్చు.

కానుక పెడతారా? ఎంపీ3 ప్లేయర్ల కాలం పోయింది. జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో తనకి నచ్చిన పుస్తకం ఒకటి బడి ఖర్చుతో కొనుక్కునే అవకాశం ఇవ్వండి. మేనేజ్‌మెంట్‌ని ఒప్పించడం ఇందుకు కొంచెం తేలిక. టీచర్ చదివేశాక ఆ పుస్తకాన్ని లైబ్రరీకి ఇస్తారేమో అడిగి చూడొచ్చు, పట్టుబట్టకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

జూన్‌లో వద్దు. బడి తెరిచిన మొదటి వారాలు పాఠ్యపుస్తకాల పంపిణీతో మీకే తల తిప్పుకునే తీరిక ఉండదు. జూలై మొదటి వారంలో మొదలుపెట్టి దసరా సెలవులకి ముందే ఒక విడత ముగించండి, పరీక్షల వారాల్లో కొత్త పని ఇవ్వకండి. రెండో విడత నవంబరులో మొదలై సంక్రాంతికి ఆగిపోవాలి. ఆ తర్వాత పదో తరగతి చెప్పేవాళ్లని కదిలించడం వృథా. వాళ్లు మిగిల్చిన పనులు ఏప్రిల్‌లో పూర్తిచేసుకోవచ్చని షీట్‌లో వాళ్ల పేర్ల పక్కన ముందే రాసిపెట్టండి.